కీషోను వాగూ, పెద్దసారు కారూ

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. మా కోత పండుగ నాడు జరిగినదాని మీద ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇప్పటికే రెండు కథలు తిరుగుతున్నాయి. మొదటి కథ ప్రకారం నేను మూడు రోజులు ఉపవాసముండి, ప్రార్థన చేసి, వానను రప్పించి, రిటైరైన హెడ్మాస్టరు గారి కొత్త కారును బురదలో దించాను. రెండో కథ ప్రకారం నేను ఆ రోజు మహా ప్రసంగం చేసి ఊరందరినీ ఏడిపించాను. రెండూ అబద్ధాలే. ఉపవాసం నా వల్ల కాదు. పదకొండు గంటలకు ఏదో ఒకటి నోట్లో పడకపోతే సూదిలో దారం కూడా ఎక్కించలేను. మహా ప్రసంగమేమో పన్నెండు పేజీలుగా నా చేతిసంచిలోనే మడతబడి ఉండిపోయింది. నేను నిజంగా చేసిన తప్పు వేరే ఉంది. అది మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నోరు జారకముందే నేనే చెప్పుకోవడం మర్యాద.

నేను ఆళ్లగడ్డలో జాకెట్లు కుడతాను. బడిలో చదివింది ఏడో తరగతి. ఆ పైన చదివినదంతా నంద్యాల గ్రంథాలయంలో, ఫ్యాను కింద బల్ల దగ్గర. ప్రతి శనివారం లైనింగు గుడ్డ, హుక్కులు, గుండీలు కొనడానికి బస్సెక్కి నంద్యాల పోతాను. వాటికి అరగంట చాలు. గుండీలు కొనాలంటే సాయంత్రం దాకా పడుతుందని మాత్రం మా ఇంట్లో ఇన్నేళ్లుగా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

అక్కడ నాకొక లావుపాటి పుస్తకం దొరికింది. ముందు పేజీలు ఊడిపోయాయి కాబట్టి దాని పేరూ తెలియదు, రాసిందెవరో కూడా తెలియదు. హీబ్రూ లేఖనాల్లో, అంటే బైబిలు పాత నిబంధనలో, వచ్చే కొండలు, లోయలు, వాగులు, వాటి పటాలు అందులో ఉన్నాయి. అప్పటిదాకా యుద్ధమంటే ఎవరు గెలిచారు, ఎంతమంది చచ్చారు అన్నదే నేను చూసేదాన్ని. ఆ పటాలు చూశాక ఒక సంగతి తట్టింది. ఆ లేఖకులు స్థలం చెప్పకుండా యుద్ధం మొదలుపెట్టరు. ఎవరు ఏ కొండ మీద ఉన్నారు, మధ్యలో ఏ లోయ ఉంది, వాగు ఎటు పారుతుంది, ఇవన్నీ చెప్పాకే కత్తి దూస్తారు. ఏలా లోయలో రెండు సైన్యాలు చెరో కొండ మీద నిలబడి నలభై రోజులు కదలకుండా ఉండిపోయాయి. కిందికి ముందు దిగినవాడికే నష్టం కాబట్టి ఎవరూ దిగరు. ఆళ్లగడ్డ వాళ్లకు ఈ పద్ధతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంకో యుద్ధం ఇంకా బాగుంటుంది. ఒక రాజు కొండల్లో ఓడిపోతాడు. కొలువులో ఉన్న తెలివైనవాళ్లు అతనికి సర్దిచెబుతారు: వాళ్ల దేవుడు కొండల దేవుడు, మైదానంలో ఆయన ఆటలు సాగవు, ఈసారి కిందికి లాగి కొడదాం అని. పోలీసు స్టేషనుకు లిమిట్స్ ఉన్నట్టే దేవుడికీ ఉంటాయనుకున్నారు. మైదానంలో కూడా చిత్తుగా ఓడారు.

ఈ కథ నేను గ్రంథాలయంలో నా ఎదురుగా కూర్చునే పెద్దాయనకు చెప్పాను. ఆయన అహోబిలం అర్చకుల ఇంటివారు. కొడుకు నంద్యాలలో ఉండడంతో రోజూ పేపరు చదవడానికి వస్తారు. పేపరు కిందికి దించి నవ్వారు.

“మా సామికి ఆ ఇబ్బంది రాకుండా ఎగువన ఒక గుడి, దిగువన ఒక గుడి కట్టుకున్నాం తల్లీ. యుద్ధం యాడ పెట్టుకున్నా ఆయన ఆడనే ఉంటాడు.”

“మీరు ముందే జాగ్రత్తపడినారు సామీ.”

“అవును మరి. ఇంగ మీ కీషోను వాగు కథ యాడిదాకా వచ్చింది?”

కీషోను వాగు కథే నాకు ప్రాణం. తొమ్మిది వందల ఇనుప రథాలున్న సేనాపతి ఒకవైపు. సరైన ఆయుధాల్లేని రైతులు మరోవైపు, కొండ మీద. రథాలకు చదునైన నేల కావాలి కాబట్టి సేనాపతి మైదానంలోకి తోలాడు. వాన వచ్చింది, వాగు పొంగింది, రథాలు దిగబడ్డాయి. సేనాపతి రథం దిగి కాలినడకన పారిపోయాడు. ఆ మైదానం బరువైన మట్టి నేల, తడిస్తే చక్రం పట్టుకుని వదలదని ఆ పుస్తకం చెప్పింది. నల్లరేగడిలో పుట్టిన దాన్ని, నాకు బొమ్మ గీసి చూపించాలా?

పెద్దాయన ఒక సలహా ఇచ్చారు. “ఈ కథ నువ్వు ఎవరికన్నా చెప్పేటప్పుడు ఆ నేల వినేవాళ్ల కాళ్లకు తగిలేటట్టు చెప్పు తల్లీ.” ఆ సలహా అంత అక్షరాలా పనిచేస్తుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మా ఊరి చర్చి సంఘంలో బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ల కూటం జరుగుతుంది. పదిహేనేళ్లుగా అక్కడ వాక్యం వివరించేది రిటైరైన హెడ్మాస్టరు గారే. అందరం పెద్దసారు అంటాం. అయ్యగారికి, అంటే మా పాస్టరు గారికి, ఐదూళ్ల సంఘాలున్నాయి, బుధవారం రాలేరు. ఒక బుధవారం పెద్దసారు కీషోను యుద్ధాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి ముందుకు పోతుంటే నేను ఆగలేక వాగు, వాన, మట్టి గురించి చెప్పాను.

పెద్దసారు కళ్లద్దాలు తీశారు. “ఏంమ్మా, యుద్ధం గుట్ట మీద జరిగితే ఏంది, గుంతలో జరిగితే ఏంది? గెలిపిచ్చింది దేవుడా, గుంతా?”

“గుంతను చేసిందెవరు సార్?” అన్నాను.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ వారమే నలుగురు పోయి అయ్యగారిని అడిగారు: బుధవారం వాక్యం ఈమె చెబితే మాకు నిద్ర రాదు, ఈమెకే ఇవ్వండి అని. నాకూ అదే కావాలి. అంతకంటే ఎక్కువగా నేనేదీ కోరుకోలేదు. ఏడో తరగతితో ఆగిపోయిన దాన్ని, ఇన్ని శనివారాలు చదివినదంతా ఒక్కచోట నలుగురి ముందు పెట్టే అవకాశం అది.

పెద్దసారు అడ్డం చెప్పలేదు. పరీక్ష పెట్టారు, ఎంతైనా హెడ్మాస్టరు కదా. “కోత పండుగ నాడు అందరి ముందర చెప్పనీండి అయ్యగారూ. యుద్ధం యాడ జరిగిందనేది దేవుని మాటలో ఎందుకు ముఖ్యమో, చదువురాని ముసిలోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాల. అర్థమైతే బుధవారం ఆమెదే. కాకపోతే మిషను కుట్టుకోమనండి.”

అయ్యగారు సరేనన్నారు. పన్నెండు పేజీలు రాసుకున్నాను.

ప్రతి ఏడూ కోత పండుగ మా గుడి, అంటే చర్చి, ఆవరణలోనే చేస్తాం. వరి వెన్నులు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, చెరుకు గడలు తెచ్చి దేవుని ముందు పెడతాం. ఈసారి పెద్దసారు రోడ్డు పక్కనున్న తన చేను ఇస్తానన్నారు. జొన్న కోసేశారు, ఖాళీగా ఉంది. లోపలికి కార్లు నేరుగా వచ్చేటట్టు గరుసు మట్టి కూడా పోయించారు. ఎర్రగా, చదునుగా, చూడ్డానికి కొత్త బస్టాండులా ఉంది.

గరుసు తోలిన రోజు సాయంత్రం, పండుగ ఈసారి అక్కడేనని మా ఆయనకు చెప్పాను. ఆయన ట్రాక్టరు డ్రైవరు. పుస్తకం తెరిస్తే నిద్రపోతాడు. నేల సంగతి మాత్రం ఆయన్నే అడగాలి.

“యాడా? సారు రేగడి చేన్లోనా? కింద రాళ్లు పరచకుండా జానెడు గరుసు పోసినాడే, దాని మీదికి కార్లు తోల్తారంటనా? వాన పడిందంటే పైన రొట్టె, లోపల పాయసం.”

“వాన పడ్తాదా?”

ఇంటి బయటకు పోయి, గాలికి మొహం పెట్టి వచ్చాడు. “పండుగకి ముందురోజు పడ్తాది. రేపే పోయి సారుకు చెప్పొస్తా.”

నా కళ్ల ముందు తొమ్మిది వందల రథాలు కదిలాయి.

“యాల చెప్పేది? ఆయన హెడ్మాస్టరు. ఆయన చేను. మనం పోయి నేల గురించి పాఠం చెప్తే బాగుంటాదా?”

“మే, నీ మొగంలో ఏందో ఉండాది.”

“ఏం లేదు. ఉప్మా తిను.”

తిన్నాడు. చెప్పలేదు. నేను చేసిన తప్పు ఇదే. వానను పిలవలేదు గానీ, వస్తుందని తెలిసినవాడి నోరు మూయించాను.

వాన సరిగ్గా ఆయన చెప్పిన రోజే పడింది. తెల్లారేసరికి ఎండ కాసింది. గరుసు పైన ఆరిపోయి అమాయకంగా మెరుస్తోంది. షామియానా వేశారు, ముందు చెరుకు గడలు, జొన్న చొప్పతో తోరణం కట్టారు. జనం ఆటోలు రోడ్డు మీదే వదిలి నడిచి వచ్చారు. పాటలు పాడే ఆడపిల్లలు తెల్ల చీరల్లో కార్లొచ్చే దారి పక్కన వరసలుగా నిలబడ్డారు. అప్పుడు పెద్దసారు కారు వచ్చింది. తెల్లది, బంపరు మీద కట్టిన నిమ్మకాయ రంగు రిబ్బను కూడా ఇంకా తీయలేదు. రోడ్డు దిగింది. పది గజాలు బ్రహ్మాండంగా వచ్చింది. పదకొండో గజం దగ్గర ముందు చక్రాలు నేలలోకి కూర్చున్నాయి.

“రేస్ చేయొద్దు సార్!” అని మా ఆయన అరిచాడు.

సారు రేస్ చేశారు. వెనక చక్రాలు గిర్రున తిరిగి, మొదటి వరస తెల్ల చీరలన్నిటి మీదా నల్లచుక్కల డిజైను వేశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దసారు తలుపు తెరిచి కాలు కింద పెట్టారు. కాలు బయటికొచ్చింది, చెప్పు రాలేదు. రెండో కాలికీ అంతే. ఇనుప రథం దిగి కాలినడకన వస్తున్న సేనాపతి నా ముందు! అచ్చం అట్లాగే, మోకాళ్ల దాకా బురద.

నవ్వు ఆపుకోలేక చచ్చాను. నా పన్నెండు పేజీలకు దేవుడే బొమ్మ వేసి పంపాడనుకున్నాను. ‘చూశారా, నేల సంగతి తెలియక తోలితే ఏమవుతుందో’ అని మొదలుపెట్టాలి, చెయ్యి అటు చూపాలి, అంతే. పరీక్ష అక్కడికక్కడే పాసు.

“మొదలుపెట్టండమ్మా,” అన్నారు అయ్యగారు గడియారం చూసుకుంటూ. “నాకు ఇంకో ఊళ్లో ఆరాధన ఉంది.” మైకు నా చేతికిచ్చారు.

నోరు తెరిచాను. అప్పుడే కారు వెనక అద్దం కిందికి దిగింది. ముడతలు పడిన ముఖం ఒకటి బయటికి వచ్చింది. పెద్దసారు తల్లి. తొంభై ఏళ్ల మనిషి, నడుము పడిపోయి రెండేళ్లుగా మంచం దిగలేదు. ఆమె పండుగకు వస్తుందని నాకు తెలియదు.

“నాయనా, బండి యాల కదల్లా? గుడి వచ్చిందా?”

పెద్దసారు బురదలో వెనక్కి తిరిగి పోయారు. “వచ్చిందిమా. ఇంగ పది అడుగులే. కూర్చో.” నా పక్కనున్న ఆమె నా చెవిలో చెప్పింది: గుడి ముందర సందులోకి కారు పోదు, మోస్తే ఆమె ఎముకలు నొస్తాయి, అందుకే సారు ఈ చేను, ఈ గరుసు, అన్నీ ఆమె కోసమే చేయించాడంట.

కీషోను యుద్ధం గురించి ఒక పాత పాట లేఖనంలో ఉంది. దాని చివర్లో ఓడిన సేనాపతి తల్లి కనిపిస్తుంది. కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, కొడుకు రథం ఇంకా రాలేదేమని అడుగుతుంది. ఆ నాలుగు లైన్లు నేను నోట్సు రాసుకోలేదు. యుద్ధం జరిగిన స్థలానికి వాటితో సంబంధం లేదనుకున్నాను. అంత చదివిన దాన్ని!

మైకు అయ్యగారికి తిరిగిచ్చేశాను. మా ఆయన దగ్గరికి పోయి “ఏదన్నా చేయి,” అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. కారు చుట్టూ తిరిగి, వంగి చూసి చెప్పాడు: “ఇప్పుడు లాగితే బండి అడుగు నేలకు తగుల్తాది. సాయంత్రం దాకా ఆరనీయాల. కారు గుడికాడికి పోదు. గుడే కారుకాడికి రావాల.”

అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి తోరణం వైపు చూపించారు. “ఆ చొప్ప విప్పండి.”

“దేవునికి కట్టిండేది అయ్యగారూ!” అంది ఒకామె.

“దేవుడు బురదలో నిలబడినోళ్ల కాళ్ల కిందికి వద్దంటాడా? బేగా తెండి.”

జొన్న చొప్ప, చెరుకు ఆకులు, వరిగడ్డి మొత్తం కారు చుట్టూ పరిచాం. జనమంతా దాని మీద నిలబడ్డారు. గుమ్మడికాయలు కారు బానెట్ మీద పెట్టారు. వేరే బల్ల లేదు మరి. నేను వెనక కిటికీ పక్కన నిలబడ్డాను. సంచిలోని కాగితాలు తీయలేదు.

ఏం చెప్పానో గుర్తున్నంత వరకు రాస్తున్నాను. కొండల దేవుడు, మైదానం దేవుడు అని పంచుకున్నవాళ్ల కథ చెప్పాను. ముసలమ్మ కిసుక్కున నవ్వింది. కీషోను వాగు కథ చెప్పాను. రథాలు దిగబడ్డాయని చెప్పేటప్పుడు ఎటూ చూపించలేదు, ఆకాశం వైపు చూస్తూ చెప్పాను. అయినా పాటల పిల్లల్లో ఎవరికో దగ్గు వచ్చింది.

ముసలమ్మ అడ్డం వచ్చింది. “ఆ రథాలాయన ఏమైనాడు?”

“చచ్చిపోయినాడు అవ్వా. ఒకామె గుడారంలో దాక్కుంటే, ఆమే చంపేసింది.”

“వాళ్లమ్మ ఉండాదా?”

“ఉండాది. కిటికీలోంచి చూస్తా ఉండాది, బిడ్డ రథం రాలేదని.”

“ఆయమ్మకు ఎవురు చెప్పినారు?”

“రాయలేదవ్వా.”

“రాసుండాల్సింది,” అంది ఆమె, ఆ లేఖకుడెవరో తనకు బాగా తెలిసిన పిల్లవాడైనట్టు.

పెద్దసారు బురద కాళ్లతో నా ఎదురుగానే ఉన్నారు. పరీక్ష మర్చిపోలేదు. “ఇంతకీ నా ప్రశ్నకు జవాబు చెప్పు. మట్టే గెలిపిస్తే దేవుడెందుకు?”

“మట్టి ఎవర్నీ గెలిపించదు సార్. దానికి మనోళ్లు, పరాయోళ్లు లేరు. ఎవరు దిగినా పట్టుకుంటాది. నేను గెలిచినా అని రేపు ఎవడన్నా మీసం తిప్పితే, ఆ నేలను పోయి అడగమని చోటు పేరు రాసిపెట్టినారు. అది సాక్షి. యుద్ధం ఒక్క దినమే. ఆ మైదానంలో ముందూ గోధుమలే, తర్వాతా గోధుమలే. దాన్ని ‘దేవుడు విత్తేవాడు’ అని అర్థమొచ్చే పేరుతోనే పిలిచినారు. నెత్తురు పడిన చేన్లోనే మళ్లీ విత్తాలని దేవుని ఆలోచన. అందుకే చోటు ముఖ్యం.”

పెద్దసారు కిటికీలోకి వంగారు. “అర్థమైందామ్మా?”

“అన్నీ అర్థమైనాయి. ఆ పాప నిదానంగా చెప్తాంది, నీ మాదిరి అరిచేది లేదు. బుధవారం కూటం మనింట్లో పెట్టమను. నేను యాడికీ పోలేను గదా.”

హెడ్మాస్టరు గారు తన జీవితంలో ఎంతమందిని పాస్ చేశారో తెలియదు గానీ, ఆ రోజు నన్ను పాస్ చేసింది ఆయన తల్లి.

అప్పటినుంచి ప్రతి బుధవారం వాళ్లింట్లో, ఆమె మంచం పక్కన నేను వాక్యం చెబుతున్నాను. పెద్దసారు వెనక కూర్చుని నా ఉచ్చారణ దిద్దుతారు. కూటం అయ్యాక టీ ఇస్తూ వారం వారం ఒకే మాట అంటారు: “ఆ గరుసు టిప్పరోడు నన్ను మోసం చేసినాడమ్మా. రాళ్లు తోలకుండా ఒట్టి గరుసు తోలినాడు.” నేను టీ గ్లాసులోకి చూస్తాను. టిప్పరు మనిషి తోలమన్నదే తోలాడు. రాళ్లు పరచాలని చెప్పగలిగినవాణ్ణి ఉప్మా పెట్టి కూర్చోబెట్టింది నేను. ఇంటికొస్తే మా ఆయన “నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అంటాడు. ఈ మాట మీద ఇప్పటికి ఆరు ఆదివారాలు నాటుకోడి వండించుకున్నాడు.

అందుకే ఇది రాశాను. సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవాలి గానీ, మా ఊళ్లో ఒకరి పేరు ముందు, ఒకరి పేరు వెనక రాస్తే అది ఇంకో యుద్ధం. కాబట్టి పేర్లు లేకుండా పిలుపులతోనే చెబుతాను. నేల ఎలాంటిదో చెప్పమన్న అహోబిలం సామికి. ముందు పేజీలు ఊడిన పుస్తకాన్ని చెత్తలో వేయకుండా అట్ట అంటించిన గ్రంథాలయం మేడమ్‌కు. తోరణం విప్పమన్న అయ్యగారికి. నా కోసం అడగడానికి పోయిన నలుగురు అక్కలకు. చీరలు ఉతుక్కుంటూ కూడా నన్ను తిట్టని పాటల పిల్లలకు. వాళ్ల జాకెట్లు ఈ ఏడాది నేను ఊరికే కుడతాను. ఏ తప్పూ లేకుండా మాటలు పడుతున్న టిప్పరు అన్నకు, క్షమాపణతో కలిపి. వానను ముందే చెప్పిన మా ఆయనకు. కోడి ఇక వండను. రాయని సంగతి అడిగిన అవ్వకు.

చివరగా పెద్దసారుకు. ఈ కాగితాలు వచ్చే బుధవారం వాక్యం తెరవకముందు ఆయన చేతికే ఇస్తాను. తల్లికి వినపడాలని ఆయన ఏది చదివినా బిగ్గరగానే చదువుతారు. చదవడం అయ్యాక బుధవారం నాదో కాదో వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. నేను గుమ్మం దగ్గర, చెప్పులు వేసుకునే నిలబడి ఉంటాను.